మీ కుక్క ఒంటిపై గడ్డ కనిపించిందా?
నొప్పి లేదని ఊరుకోవద్దు, భయపడి చేతికందిన పసరు పూయవద్దు

ఇంటికి కాపలాగా, పిల్లలకు తోడుగా ఉండే కుక్కను ప్రేమగా నిమురుతున్నప్పుడు చేతికి హఠాత్తుగా ఒక బుడిపె తగులుతుంది. నిన్నటి వరకు లేనిది ఈ రోజు ఎక్కడి నుండి వచ్చింది? కొందరు ఆ క్షణంలోనే కాన్సరని బెంబేలెత్తుతారు. మరికొందరు "గడ్డే గదా, అదే పోతది" అని మరచిపోతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో రెండవ రకం వారే ఎక్కువ. నిజానికి ఈ రెండు ధోరణులూ సరైనవి కావు. కుక్కలకు వచ్చే గడ్డలలో చాలా భాగం ప్రాణహాని లేనివే. అయితే ప్రాణహాని గలది ఏదో, లేనిది ఏదో చేతితో తడిమి చెప్పడం అనుభవజ్ఞుడైన వైద్యునికి కూడా సాధ్యం కాదు. ఈ వ్యాసానికి మూలసూత్రం ఇదే.

మా ఇంటి అనుభవం

నల్లగొండలోని మా ఇంట్లో మోతి అనే ఆడకుక్క ఉండేది. దానికి తొమ్మిదేళ్ళ వయసులో, దసరా రోజులలో స్నానం చేయిస్తుండగా వెనుక పొదుగు దగ్గర కందిగింజంత గట్టి బుడిపె తగిలింది. నొక్కితే మోతి మూలగలేదు, మేత మానలేదు. "నొప్పి లేదు గదా, ఏమైతది?" అన్నారు ఇంటి పెద్దలు. పసుపు పట్టు వేశాం. ఎవరో చెబితే జిల్లేడు పాలు పూశాం. పైచర్మం పొక్కి పుండయింది, లోపలి బుడిపె మాత్రం అలాగే ఉన్నది. సంక్రాంతి నాటికి అది నిమ్మకాయంత అయింది. అప్పుడు పశువైద్యుని వద్దకు తీసుకుపోయాం. శస్త్రచికిత్స జరిగింది. పరీక్షలో అది దుష్టమైన కణితి అని తేలింది. మోతి మరొక పద్నాలుగు నెలలు బ్రతికింది. కందిగింజంత ఉన్నప్పుడే వెళ్ళి ఉంటే ఎంతకాలం బ్రతికేదో ఎవరూ చెప్పలేరు. కాని ఆ మూడు నెలలు మేము వృథా చేశామన్నది మాత్రం నిజం. పాఠకులలో మరొకరికి ఈ పశ్చాత్తాపం కలుగకూడదన్నదే ఈ రచన ఉద్దేశం.

ప్రాచీనులు ఏమన్నారు?

మన దేశంలో పశువైద్యం కొత్తది కాదు. అశ్వాలకు శాలిహోత్రుని శాస్త్రం, ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం ప్రసిద్ధమైనవి. కుక్కలకు అంతటి ప్రత్యేక గ్రంథం ప్రచారంలో లేకపోయినా, గడ్డల స్వభావాన్ని గురించి సుశ్రుతుడు మనుష్యులకు చెప్పిన విభజన ఇక్కడ కూడా ఆలోచనకు దారి చూపుతుంది.

వేడి, ఎరుపు, నొప్పి కలిగి, క్రమంగా చీము పట్టే గడ్డ విద్రధి. చర్మం కింద ముడివలె ఏర్పడేది గ్రంథి. గుండ్రంగా, కదలకుండా, లోతైన వేళ్ళతో, స్వల్పమైన నొప్పితో, చీము పట్టకుండా పెరిగేది అర్బుదం. ఈ అర్బుద లక్షణాలు సుశ్రుత సంహిత నిదానస్థానం 11వ అధ్యాయంలో ఉన్నాయి. సూత్రస్థానం 17వ అధ్యాయంలో వాపు పచ్చిగా ఉన్న దశ, పండుతున్న దశ, పండిన దశ అనే మూడింటిని గుర్తించనిదే కత్తి పట్టరాదని బోధించాడు.

ఇందులో మనం గ్రహించవలసినది ఒకటున్నది. నొప్పి లేకపోవడం మంచి గుర్తు అని మన ఇళ్ళలో అనుకుంటాం. ప్రాచీన శాస్త్రం అర్బుదానికి నొప్పి తక్కువ అనే చెప్పింది. నేటి వైద్యం కూడా అదే అంటున్నది. నొప్పితో కుక్క కుయ్యోమంటే అది చాలాసార్లు చీముగడ్డ, త్వరగా నయమవుతుంది. నిశ్శబ్దంగా పెరిగేదాన్నే అనుమానించవలె.

ఎన్ని రకాల గడ్డలు?

*చీముగడ్డ:* మన మెట్ట ప్రాంతాలలో ఇది ఎక్కువ. తుమ్మ, రేగు, సర్కారు తుమ్మ ముళ్ళు విరిగి లోపల ఉండిపోవడం, ఇతర కుక్కలు కరవడం దీనికి కారణాలు. రెండు మూడు రోజులలో ఉబ్బుతుంది, వేడిగా ఉంటుంది, కుక్క ముట్టనివ్వదు. కంటి కింద ఉబ్బితే కుళ్ళిన పంటి మూలం కారణం కావచ్చు. తోక కింద మలద్వారం పక్కన ఉబ్బితే అక్కడి వాసన గ్రంథులు చీము పట్టి ఉండవచ్చు.

*కొవ్వుగడ్డ:* వయసు మళ్ళిన, లావెక్కిన కుక్కలకు వస్తుంది. మెత్తగా, చర్మం కింద జారుతూ ఉంటుంది. సాధారణంగా హాని చేయదు.

*పులిపిర్లు:* కుక్కపిల్లల నోటిలో, పెదవులపై గుత్తులుగా వస్తాయి. ఇవి వైరస్ వలన కలిగేవి. చాలావరకు కొన్ని నెలలలో వాటంతట అవే రాలిపోతాయి.

*చిన్న వయసు బొత్తాం గడ్డ:* రెండు మూడేళ్ళ లోపు కుక్కలకు తలపై, కాళ్ళపై ఎర్రని బొత్తాంలా వస్తుంది. ఇది కూడా చాలాసార్లు రెండు మూడు నెలలలో తగ్గిపోతుంది.

*చెవి వాపు:* చెవిలో దురదతో తల విదిలించగా రక్తనాళం చిట్లి చెవి డొప్ప బూరెలా ఉబ్బుతుంది. లోపల రక్తం తప్ప చీము ఉండదు.

*బొడ్డు దగ్గర మెత్తని ఉబ్బు:* ఇది గడ్డ కాకపోవచ్చు. కడుపు కండరంలోని రంధ్రం నుండి కొవ్వు, ఒక్కొక్కసారి పేగు బయటికి పొడుచుకు రావచ్చు. దీనిని చీముగడ్డ అనుకొని గుచ్చితే ప్రాణం పోతుంది.

*మాస్ట్ కణాల కణితి:* చర్మంలో వచ్చే దుష్టమైన గడ్డలలో ఇది ముఖ్యమైనది. ఇది మారువేషగాడు. ఒకసారి పులిపిరిలా, ఒకసారి కొవ్వుగడ్డలా కనిపిస్తుంది. ఒక రోజు పెద్దదై, మరునాడు చిన్నదవుతుంది. దీనిని నలిపితే లోపలి రసాయనాలు వెలువడి చుట్టూ ఎర్రగా ఉబ్బుతుంది, వాంతులు కూడా కావచ్చు.

*దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనుక ఒకేసారి బిళ్ళలు:* ఇవి శోషరస గ్రంథులు. గోమార్ల వలన వచ్చే జ్వరంలో కూడా ఉబ్బుతాయి, రక్తసంబంధమైన కాన్సరులో కూడా ఉబ్బుతాయి. రెండింటికీ వైద్యుడే దిక్కు.

ముందుగా ఇంట్లో చేయవలసిన పరీక్ష

కుక్క ఎంత సాధువైనా నొప్పి ఉన్నచోట తాకితే కరుస్తుంది. మెత్తని గుడ్డపీలికతో మూతిని వదులుగా కట్టి, ఒకరు మెడ పట్టుకోగా మరొకరు చూడవలె. ఎగశ్వాస ఉన్నప్పుడు, వాంతి అవుతున్నప్పుడు మూతి కట్టరాదు. పంటిగాటు పడితే సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే మనుష్యుల దవాఖానకు వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవలె.

ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి ఈ క్రింది విషయాలు వ్రాయండి.

1. గడ్డ ఎక్కడ ఉన్నది? ఒకటా, అనేకమా?
2. ఎంత ఉన్నది? కందిగింజ, శనగగింజ, రేగిపండు, నిమ్మకాయ అని వ్రాసినా సరే. స్కేలుతో కొలిస్తే మరీ మంచిది.
3. మెత్తనా, గట్టిదా? చర్మం కింద కదులుతున్నదా, అంటుకొని ఉన్నదా?
4. వేడి, ఎరుపు, నొప్పి, చీము, రక్తం ఉన్నాయా?
5. మేత, నీరు, నడక, విసర్జన ఎలా ఉన్నాయి?

పక్కన ఒక రూపాయి నాణెం ఉంచి ఫొటో తీయండి. వారానికి ఒకసారి అదే వేళ, అదే చోట చూడండి. రోజూ నలపవద్దు. కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనుష్యులకు జ్వరమనిపించే వేడి కుక్కకు సహజమే కాబట్టి చేయి పెట్టి జ్వరమని నిర్ణయించరాదు.

ఎప్పుడు వెళ్ళవలె?

గడ్డ బఠానీ గింజంత, అనగా ఒక సెంటీమీటరు ఉన్నా, నెల రోజులుగా తగ్గకుండా ఉన్నా పశువైద్యునికి చూపించవలె. ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అది.

ఈ క్రింది లక్షణాలుంటే నెల వరకు ఆగరాదు. గడ్డ వారం రోజులలో రెట్టింపు కావడం, పుండుపడి రక్తం కారడం, పొదుగులో గాని వృషణంలో గాని నోటిలో గాని ఉండడం, కుక్క చిక్కిపోవడం, అనేక చోట్ల బిళ్ళలు కట్టడం. ముఖం, గొంతు ఒక్కసారిగా ఉబ్బి ఊపిరి ఆడకపోవడం, కడుపు హఠాత్తుగా ఉబ్బడం, బొడ్డు ఉబ్బు గట్టిపడి వాంతులు కావడం అనేవి గంటలలో వైద్యం అందవలసిన స్థితులు.

ఇంట్లో చేయదగిన చికిత్స

ఇంటి వైద్యానికి ఇక్కడ స్థానం ఉన్నది. అయితే అది చీముగడ్డకు, చిన్న గాయానికి, శస్త్రచికిత్స తర్వాతి సేవకు మాత్రమే.

*ఉప్పునీటి కాపడం:* లీటరు నీటిని మరిగించి, రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి గోరువెచ్చగా చల్లార్చండి. మీ మణికట్టుపై పోసి చూసుకోండి. శుభ్రమైన గుడ్డను ముంచి పిండి, వేడిగా నొప్పిగా ఉన్న చీముగడ్డపై పది నిమిషాలు కాపండి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయవచ్చు. గడ్డ పండి తనంతట పగలడానికి ఇది తోడ్పడుతుంది. రెండు రోజులలో గుణం కనిపించకపోతే వైద్యుని వద్దకు వెళ్ళండి. నొప్పి లేని గట్టి గడ్డలకు కాపడం పనికిరాదు.

*వేపాకు కషాయం:* రెండు గుప్పిళ్ళ వేపాకును లీటరు నీటిలో సగం మిగిలే వరకు కాచి, వడగట్టి, చల్లార్చి, పగిలిన చీముగడ్డను రోజుకు రెండు సార్లు కడగండి.

*త్రిఫల కషాయం:* ఇరవై గ్రాముల త్రిఫల చూర్ణాన్ని పదహారు రెట్ల నీటిలో నాలుగవ వంతు మిగిలే వరకు కాచి, పలుచని గుడ్డతో వడగట్టండి. దుర్వాసన గల పైపుండ్లను కడగడానికి వాడవచ్చు.

*పసుపు:* మేలైన పసుపును కొబ్బరినూనెలో కలిపి చిన్న గాయం అంచున పూయవచ్చు. పొదుగు గడ్డపైన గాని, నిర్ణయం కాని గడ్డపైన గాని పూసి వైద్యునికి చూపించవద్దు. ఆ రంగు వలన చర్మం ఎర్రబడిందో లేదో తెలియదు.

ఏది పూసినా కుక్క నాకుతుంది. అట్టముక్కను గరాటులా చుట్టి మెడకు కట్టండి.

ఎంతమాత్రం చేయరానివి

జిల్లేడు పాలు, జీడిగింజ రసం, సున్నం బెల్లం పట్టు మన పల్లెలలో అలవాటు. ఇవి చర్మాన్ని కాలుస్తాయి, లోపలి కణితిని తాకనైనా తాకవు. వాతలు పెట్టడం, కిరోసిన్ పోయడం, వెంట్రుకతో బుడిపెను బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం హింస మాత్రమే.

పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు పసరు పోయడం పాలమూరు అలవాటు. బాలానగర్ సీతాఫలానికి పేరుపడిన ప్రాంతం కదా! అయితే సీతాఫలం గింజల పొడి కంటిలో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. ముఖంపై పుండుకు, కంటి దరిదాపులకు దానిని అసలు తేవద్దు. పురుగులు పడిన పుండును వైద్యుని చేత శుభ్రం చేయించడమే క్షేమం.

మన మాత్రలు కుక్కకు మాత్రలు కావు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు ప్రమాదకరం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. కాబట్టి గడ్డ కరుగుతుందని వెల్లుల్లి తినిపించడం విషం పెట్టడమే. పాదరసం, పాషాణం కలిసిన రసౌషధాలను కూడా ఇవ్వరాదు.

వైద్యుడు ఏం చేస్తాడు?

మొదట సన్నని సూదిని గడ్డలోకి గుచ్చి కొన్ని కణాలను లాగి, గాజు పలకపై పరచి సూక్ష్మదర్శినిలో చూస్తారు. టీకా సూది వంటిదే ఇది. చాలాసార్లు మత్తు కూడా అవసరం లేదు. "సూది గుచ్చితే కాన్సరు పాకుతుంది" అన్న భయం వద్దు. చర్మపు గడ్డల విషయంలో పరీక్ష వలన కలిగే మేలు ఎంతో ఎక్కువ. పరీక్ష లేకుండా "కొవ్వుగడ్డే" అని చేతితో తడిమి చెబితే, సూది పరీక్ష చేయమని మర్యాదగా అడగండి.

గడ్డను కోసి తీసినట్లయితే దానిని పారవేయవద్దు. ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపమని కోరండి. అది ఏమిటో, అంచుల వరకు పూర్తిగా వచ్చిందో లేదో అప్పుడే తెలుస్తుంది. కోసిన తర్వాత ఏం చేయవలెనన్నది ఆ నివేదికపైనే ఆధారపడి ఉంటుంది.

మండల కేంద్రంలోని పశువుల దవాఖానకు ముందుగా వెళ్ళండి. అక్కడ సూక్ష్మదర్శిని పరీక్ష, ఎక్స్‌రే వీలుకాకపోతే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఉన్నది. 1946లో స్థాపితమైన ఈ కళాశాల నేడు పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. నల్లగొండ నుండి గాని మహబూబ్‌నగర్ నుండి గాని సుమారు వంద కిలోమీటర్లు. ఎండాకాలంలో తెల్లవారుజామునే బయలుదేరండి. నీళ్ళ గిన్నె, తడిగుడ్డ, మీ నోటుపుస్తకం వెంట ఉంచుకోండి.

ఆడకుక్కల యజమానులకు

కుక్కకు సాధారణంగా ఐదు జతల చన్నులుంటాయి. కణితులు ఎక్కువగా వెనుక రెండు జతలలో వస్తాయి. వీటిలో దాదాపు సగం దుష్టమైనవి. మూడు సెంటీమీటర్ల లోపు ఉండగా తీసివేస్తే ఫలితం బాగుంటుంది. దుష్టమైనవి ఊపిరితిత్తులకు పాకే అవకాశం ఉన్నందున శస్త్రచికిత్సకు ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు.

దీనిని చాలావరకు నివారించవచ్చు. మొదటి ఎదకు ముందే గర్భసంచి తీయించిన కుక్కలకు ఈ కణితులు చాలా అరుదని 1969లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. ఆ లెక్కల కచ్చితత్వంపై తర్వాత చర్చ జరిగినా, పిల్లలు వద్దనుకునే ఇంటివారు ఏ వయసులో ఆపరేషన్ చేయించవలెనో వైద్యునితో ముందుగానే మాట్లాడడం మంచిది. ఎద రాకుండా ఇచ్చే హార్మోను సూదులు పొదుగు గడ్డలకు తోడ్పడతాయి కాబట్టి వాటికి దూరంగా ఉండండి.

బిళ్ళగన్నేరు చేసిన మేలు

వీధులలో తిరిగే కుక్కలకు జననాంగం వద్ద కాలీఫ్లవరులా చిట్లిపోయే, రక్తం బొట్లు కారే గడ్డ ఒకటి వస్తుంది. ఇది సంపర్కం ద్వారా ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటుకునే కాన్సరు. లోకంలోనే అరుదైన వ్యాధి ఇది. రోగి కణాలే మరొక శరీరంలో మొలకెత్తుతాయి. ఇది 4,000 నుండి 8,500 ఏళ్ళ క్రితం ఆసియాలో ఒక కుక్కలో పుట్టి నేటికీ సాగుతున్నదని 2019లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపింది. మనుష్యులకు ఇది అంటదు.

చూడడానికి భయంకరంగా ఉన్నా, ఇది నయమయ్యే కాన్సరు. వారానికి ఒకసారి చొప్పున నాలుగు నుండి ఆరు వారాలు విన్‌క్రిస్టిన్ అనే ఔషధాన్ని నరంలోకి ఇస్తే చాలా కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. ఆ ఔషధం ఎక్కడిదనుకున్నారు? మన పెరటిలో పూసే బిళ్ళగన్నేరు నుండి తీసినదే! 1963 నుండి మనుష్యుల రక్తకాన్సరుకు కూడా దీనిని వాడుతున్నారు. అయితే రాశులకొద్దీ ఆకు నుండి తీసేది చిటికెడు సారమే. అది నరం బయట చర్మంలోకి కారితే కండ కుళ్ళిపోతుంది. కాబట్టి బిళ్ళగన్నేరు ఆకు నూరి తినిపిస్తే నయమవుతుందనుకోవద్దు, విషమవుతుంది. మొక్కలోని గుణం వేరు, దానిని శుద్ధి చేసి కొలతతో ఇచ్చే ఔషధం వేరు. సూది ఇచ్చిన తర్వాత కొన్ని రోజులు కుక్క మలమూత్రాలను చేతితొడుగులు ధరించి తీయవలె. పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచవలె.

శస్త్రచికిత్స తర్వాత

కుట్లు విప్పే వరకు, అనగా పది నుండి పద్నాలుగు రోజులు స్నానం వద్దు, పరుగు వద్దు. పొడిగా ఉన్న చోట ఉతికిన గోనెపట్టాపై పడుకోబెట్టండి. కుట్లపై వైద్యుడు చెప్పనిది ఏదీ పూయవద్దు. గంజి, మజ్జిగ అన్నం, ఉడికించిన గుడ్డు, ఉప్పుకారం లేని మాంసం కొద్దికొద్దిగా పెట్టండి. జొన్న, రాగి సంకటి కూడా మంచివే.

పాఠకుల సందేహాలు

*కాంచనార గుగ్గులు ఇవ్వవచ్చునా?* దేవకాంచనం పట్టతో చేసే ఈ ఔషధాన్ని శార్‌ఙ్గధర సంహిత మనుష్యుల గ్రంథులకు, గండమాలకు చెప్పింది. కుక్కల కణితిపై దాని మాత్ర, ఫలితం నిర్ధారణ కాలేదు. దానిని నమ్మి పరీక్ష ఆలస్యం చేయవద్దు.

*టీకా వేసిన చోట గడ్డ కట్టింది. భయమా?* శనగగింజంత గట్టితనం కొద్ది వారాలలో తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోయినా, పెరుగుతున్నా చూపించండి. అందుకని రేబిస్ టీకా మానవద్దు.

*పన్నెండేళ్ళ కుక్కకు ఆపరేషన్ ఎందుకు?* వయసు ఒక్కటే అడ్డు కాదు. గుండె, మూత్రపిండాలు బాగున్నాయా అని చూసి వైద్యుడు నిర్ణయిస్తారు. ఆపరేషన్ తగదని తేలినా, నొప్పి లేకుండా శేషజీవితం గడిచేలా చూడడం కూడా వైద్యమే.

నెలకొకసారి, పౌర్ణమి నాడో జీతం వచ్చిన రోజో గుర్తుగా పెట్టుకొని, మీ కుక్కను ముక్కు నుండి తోక వరకు అరచేతితో నిమిరి చూడండి. దానికి అది ముద్దు, మీకది పరీక్ష. మాటరాని ప్రాణి తన బాధను చెప్పలేదు, మన చేతులే దానిని కనిపెట్టవలె.